యమకము తెచ్చిన తగవు

గత మాసమున మా యింట నొక చిన్న తగవు వచ్చినది. మరాఠీ మాధ్యమమున ఏడవ తరగతి చదువుచున్న మా పిల్లవాడు, పంక్తుల చివర ‘పాణీ’, ‘రాణీ’ యని ప్రాస కలిసినచో అది యమకమని వల్లించుచుండెను. అరుగుమీద నున్న మా పెద్దనాయనగారు విని, “కాదురా, అది అంత్యానుప్రాసము. అవే యక్షరములు మరల వచ్చి అర్థము మాఱినప్పుడే యమకము” అనిరి. అని ఊరకుండక, “చేపలు నావలలో నున్నవా, నా వలలో నున్నవా?” అని ఉదాహరణము కూడ నిచ్చిరి. పిల్లవానికి కన్నీరొక్కటే తక్కువ. బడిలో చెప్పినది తప్పా, తాత చెప్పినది తప్పా యని వాని బెంగ.

రెండును తప్పు కావు. చరణాంతమున ప్రాస కలియుటను మరాఠీ బడులలో యమకమందురు. తెలుగున దానికి అంత్యానుప్రాసమని పేరు. పేరొక్కటే, వస్తువు వేఱు. ఇంత చిన్న సంగతి విడమఱచి చెప్పువారు లేక, పిల్లలు ఇంటి మాటనే అనుమానించుచున్నారు. మా విచారమెల్ల దీనిని గూర్చియే.

అలంకారములనగనే అవి పండితుల సొత్తని మనలో పలువురు వెనుదీయుదురు. మేమును మెట్రిక్కు వరకు చదివి అంగడిలో కూర్చున్నవారమే. అయినను ఒక మాట మనవి చేసెదము. వానకాలమున రేవు కడ నిలిచిన మన ముసలమ్మ “ప్రాణహితల నీళ్ళు చాయ లెక్క ఎర్రగున్నయి” అనును. నీళ్ళు ఉపమేయము, చాయ ఉపమానము, ఎఱుపు సమానధర్మము, ‘లెక్క’ ఉపమావాచకము. గ్రంథములలో ‘వలె’ యనియు ‘కరణి’ యనియు నుండునది మన నోట ‘లెక్క’ యనియు ‘ఓలె’ యనియు వచ్చును. (అంగడివారమగుటచే మాకు లెక్క యనిన వేఱొకటి తోచును, అది యటుండనిండు.) నాలుగంగములు నున్నచో పూర్ణోపమ, ఏదైన లోపించినచో లుప్తోపమ. కవులకీ సౌలభ్యము కలదు గాని, బిల్లునందొక యంగము లోపించినచో మమ్మెవరు మన్నింతురు?

“వాని చెయ్యి సుత్తె లెక్క” యనిన ఉపమ. ‘లెక్క’ను తీసివేసి “వాని చెయ్యి సుత్తె” యనిన రూపకము. కాళేశ్వరము చెంత రెండు నీళ్ళు కలియుట చూచి, “ప్రాణహిత గోదారమ్మను కావలించుకున్నదా అన్నట్టున్నది” అనిన ఉత్ప్రేక్ష. మరాఠీలో ‘జణూ’ అను మాట చేయు పనిని ఇచట మన ‘అన్నట్టు’ చేయుచున్నది. ఈ పోలిక ఒక్కసారి చూపినచో బాలుడు రెండు భాషలలోను ఉత్ప్రేక్షను గుర్తుపట్టును. ఇంటి తెలుగు బడి మరాఠీకి అడ్డమను వారు ఈ ప్రయోగము చేసి చూడవలెను.

ఈ విద్య మనకు క్రొత్తదియు గాదు. 1323లో కాకతీయ రాజ్యము కూలుటకు పూర్వమే, ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు సంస్కృతమున ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రము రచించెను. మన సిరొంచ 1860లో నిజాము నుండి ఆంగ్లేయుల వశమైనది. ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణముగా నుండి, 1874లో చాందాలో కలిసినది. 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా వచ్చినవి. కచేరీ మాఱినప్పుడెల్ల దస్తావేజుల భాష మాఱినది గాని, రేవు కడ ముసలమ్మ మాట మాఱలేదు.

ఇక చట్టము సంగతి. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. అయితే అది ప్రాథమిక దశకే. అలంకారముల చదువు ఆ దశ దాటిన పిదపనే గట్టిగా మొదలగును. అనగా అక్షరములు నేర్చుటకు చట్టము తోడున్నది గాని, ఆ యక్షరములతో పద్యము చదివి ఆనందించు వయస్సు వచ్చునప్పటికి తోడు లేదు. అర్జీలు పెట్టుట మానవలదు. కాని అర్జీకి జవాబు వచ్చులోపల ఏడవ తరగతి బాలుడు పదవ తరగతి దాటిపోవును.

“ముందు గుణింతములు రానిండు, అలంకారములు తరువాత” అని మన సంఘమున పెద్దలు కొందఱందురు. వారిపై మాకు గౌరవము కలదు గాని ఈ మాటకు సమ్మతింపలేము. గుణింతము రాని పిల్లవాడును ‘లెక్క’ అనుచునే యున్నాడు. తాను పలుకుచున్న దానికొక పేరున్నదని, మరాఠీకున్నట్లే తన యింటి మాటకును శాస్త్రమున్నదని తెలిసిననాడు గుణింతము మీద వానికే ఆసక్తి పుట్టును. తెలుగనగా సంతలో బేరమాడుటకే యను భావము పన్నెండేండ్లకు నాటుకొనినచో, ఇరువదియవ యేట దానిని పెకలించుట మన తరము కాదు.

కావున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఆదివారము సాయంకాలము ఒక్క గంట కేటాయింపుడని కోరుచున్నాము. పాఠ్యపుస్తకము కొఱకు వేచియుండ నక్కఱలేదు. ప్రతి బిడ్డయు తన అవ్వ నోట విన్న పోలికలు అయిదు వ్రాసికొని రావలెను. వానినే ముందిడుకొని ఉపమయో, రూపకమో తేల్చుకొనవచ్చును. మా పెద్దనాయనగారు యమకమునకు తాము సిద్ధమనుచున్నారు. నోటుపుస్తకములు, పెన్సిళ్ళు మా అంగడి నుండి వచ్చును, వెల అడుగము.