నొప్పులప్పుడు అడిగేది అడగడం కాదు

అమ్రాబాద్ మండలంలో ఏ మాదిగవాడకన్నా పోయి, ఒక బాలింతను అడగండి: "మళ్లీ కాన్పు కాకుండా ఏమేం దారులున్నయి బిడ్డా?" "ఇద్దరైనంక ఆపరేషన్ చేయించుకునుడే గద!" మాకు ఎక్కువగా వినబడే జవాబు ఇదే. తప్పు ఆమెది కాదు. చెప్పవలసినవాళ్లు ఆ ఒక్కటే చెప్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15-49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయినవాళ్లే.

వేరే దారులున్నయి. సర్కారు దవాఖానల్లో పైసా లేకుండా ఇవ్వాల్సినవే. కాన్పయిన 48 గంటల లోపల కాపర్-టి వేయించుకోవచ్చు. రకాన్ని బట్టి అయిదేళ్లో పదేళ్లో పనిచేస్తది, వద్దనుకున్ననాడు తీయించుకోవచ్చు. పాలిచ్చే తల్లి ఛాయ గోళీ వేసుకోవచ్చు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. 2017లో సర్కారు తెచ్చిన అంతర సూది మూడు నెలలకొకటి. పాలిచ్చే తల్లికయితే కాన్పయిన ఆరు వారాల తర్వాతనే. ఆ సూదితో నెలసరి తారుమారు కావచ్చు, మానేసినంక మళ్లీ కడుపు నిలవడానికి నెలలు పట్టొచ్చు. ఇది పొడవకముందే చెప్పాలి.

ఎందుకింత గట్టిగా అంటున్నాం? 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే సూదిని పేద ఆడవాళ్ల మీద పరీక్షకు పెట్టినప్పుడు, అది పరీక్ష అన్న సంగతే వాళ్లకు సరిగా చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన అడ్డం తిరిగి, 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆపరేషన్ క్యాంపులు మూడేళ్లలో బంద్ పెట్టమని అదే కోర్టు 2016లో చెప్పింది. అయినా 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. క్యాంపులో వరుసగా పండబెట్టేది ఎవరి ఆడబిడ్డలనో చెప్పాల్నా? దొరసాని అయితే డాక్టరు ముందు కుర్చీల కూసోని అడుగుతది.

ఆపరేషన్ వద్దని మేం అనడం లేదు. తెలిసి, ఒప్పుకొని చేయించుకుంటే అది ఆమె ఇష్టం. కానీ నొప్పులతో కేకలేస్తున్న మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోలు కాదు. ఏడో నెలలోనే, పరీక్షకు వచ్చిననాడే, అన్ని దారులూ చెప్పాలి. వలస సంగతి కూడా చూడాలి. బిడ్డను చంకనేసుకొని పుణెకో ముంబైకో మట్టిపనికి పోయే పాలమూరు తల్లికి సూది తారీఖు ఎవరు గుర్తుచేస్తరు? అట్లాంటామెకు కాపర్-టి నయం కావచ్చు. అదీ ఆమెనే తేల్చుకోవాలి.

ఇక మన సంఘం మగవాళ్లతో ఒక మాట. మగవాళ్ల ఆపరేషన్ ఆడవాళ్లదానికంటే చిన్నది. కత్తికోత లేకుండా చేస్తరు, అదేరోజు ఇంటికి రావచ్చు. మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త తీసుకోవాలి. అంబేద్కర్ జయంతికి జెండా మోసే మన తమ్ముళ్లే, మీటింగులో ఈ మాట ఎత్తితే మొహాలు చూసుకొని నవ్విన్రు. వెనక చాప మీద కూసున్న ఆడవాళ్లు నవ్వలేదు.