కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు

కరీంనగర్ గుట్టలను కోసి తీసిన గ్రానైట్ బ్లాకులు రైలెక్కి ఓడరేవులకు, అక్కడి నుంచి చైనాకు పోయాయి. ఎగుమతి చేసింది ఎక్కువ, సీనరేజీ కట్టింది తక్కువ అని విజిలెన్స్ శాఖ ఏనాడో లెక్క తేల్చింది. ఎగవేత దాదాపు 125 కోట్లు, అయిదింతల జరిమానాతో కలిపి 749 కోట్లు. 2022 నవంబరులో సోదాలు చేసిన ఈడీ కూడా అదే మాట చెప్పింది.

ఆదిలాబాద్ పత్తి రైతు సంగతి చూడండి. పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ దుకాణంలోనే కడుతున్నాడు. వ్యాపారిలా దాన్ని తిరిగి రాబట్టుకునే వీలు అతనికి లేదు. పంట పోయిన ఏడు ఇంటిపన్ను ఆగితే, పంచాయతీలో ఏ కాగితం అడిగినా ముందు బకాయి కట్టమంటారు.

చట్టం లేక కాదు. ఖనిజ బకాయిని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చని కేంద్ర ఖనిజ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆస్తులు జప్తు చేయవచ్చు.

మేం అడిగేది ఇదే: ఏ కంపెనీ ఎంత బాకీ ఉందో, ఎంత కట్టిందో కలెక్టరేట్‌లో బోర్డు పెట్టాలి. ఎగవేతదారులకు జరిమానా తగ్గించవద్దు. పంట నష్టపోయిన కుటుంబాలకు ఇంటిపన్ను వాయిదాల్లో కట్టే వీలివ్వాలి.

వచ్చే సోమవారం ప్రజావాణిలో ప్రతి మండల కమిటీ ఈ అర్జీ ఇవ్వాలి.