బ్యాంకు లోను ఇచ్చిందిగా!

రెండేళ్ల కిందట మా తమ్ముడు సంగారెడ్డి రోడ్డు వైపు ఒక ఫ్లాటు చూసుకున్నాడు. 80 లక్షలు. బయానా ఇచ్చాడు, లోనుకు పెట్టుకున్నాడు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్ ఖర్చు, వాల్యుయేషన్ ఖర్చు అన్నీ వాడి ఖాతాలోంచే పోయాయి. లోను మంజూరైందని మెసేజ్ రాగానే ఇంట్లో అందరికీ గుండె బరువు దిగింది. "బ్యాంకు లాయరే చూసి సరే అన్నాక మనం చూసేదేముంది?" అన్నాను నేను కూడా.

వాడు నాకంటే జాగ్రత్తపరుడు. ఆ లాయరు ఏం రాశాడో చదువుదామని బ్రాంచికి వెళ్లి కాపీ అడిగాడు. "అది మా ఇంటర్నల్ డాక్యుమెంట్ సార్, కస్టమర్‌కి ఇవ్వం" అంది అక్కడి ఆఫీసరు, మర్యాదగానే. ఫీజు కట్టింది నేనే కదా మేడం అంటే, "కట్టింది మీరే సార్, కానీ రిపోర్టు మాకోసం" అంది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇల్లు కొనేవాళ్లందరికీ మొదటిరోజే చెప్పాల్సిన నిజం అది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మధ్యతరగతి ఇంటింటా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: బ్యాంకు లోను ఇస్తే కాగితాలు క్లియర్ అన్నట్టే. బ్రోకర్లు చెప్తారు, బిల్డరు బ్రోషర్ల మీద బ్యాంకుల లోగోలు వరసగా అచ్చేస్తాడు, మేనమామలు చెప్తారు, ఆఫీసులో పక్క సీటాయన చెప్తాడు. ఈ నమ్మకం తప్పు. దీన్ని మనం ఒకరికొకరం అప్పజెప్పుకుంటూ పోవడం ఇంకా పెద్ద తప్పు.

బ్యాంకు అడిగే ప్రశ్నా మనం అడిగే ప్రశ్నా వేరు. మనకు కావాల్సింది, ఈ ఇంట్లో మన పిల్లలు నలభై ఏళ్లు ఉన్నా ఎవరూ వచ్చి తలుపు కొట్టి ఇది మాది అనకూడదని. బ్యాంకుకు కావాల్సింది తన అప్పు తిరిగి రావడం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి లోనుకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అంటే 80 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 64 లక్షలు పెడితే కొనేవాడు 16 లక్షలు పెడతాడు. ఆస్తికి ఏ వివాదమొచ్చి విలువ పడిపోయినా ముందు మునిగేది ఆ 16 లక్షలే. తర్వాత వాడి జీతం ఉంది, ఉంటే హామీదారు ఉన్నాడు. ఇల్లు చేతికి రాకపోయినా, కోర్టు స్టే ఇచ్చినా, కూల్చేసినా కిస్తీ ఆగదు. ఇన్ని దిండ్లు వేసుకుని కూర్చున్న సంస్థ పడే భయమూ, జీవితకాలపు సంపాదన ఒక్కచోట పెట్టేవాడు పడాల్సిన భయమూ ఒకటి కావు. దాని పరీక్ష దాని భయానికి సరిపడా ఉంటుంది.

ఇక బ్యాంకు లీగల్ ఒపీనియన్ రాయించుకునే ప్యానెల్ లాయరు. ఆయన్ని నేను దొంగ అనడం లేదు. ఎక్కువమంది మర్యాదగా పనిచేసుకునేవాళ్లే. నా అభ్యంతరం మనిషి మీద కాదు, ఆయన్ని నిలబెట్టిన చోటు మీద. పని పంపేది బ్యాంకు. పెద్ద ప్రాజెక్టైతే ముందే ఏపీఎఫ్ నంబరు పడి ఉంటుంది, అంటే ఆ ప్రాజెక్టులో లోన్లు ఇవ్వొచ్చని బ్యాంకు ఒకసారి తేల్చేసింది. ఆ తేల్చడానికి చూసిన కాగితాలు బిల్డరు ఇచ్చినవి. బ్రాంచికి టార్గెట్లున్నాయి, ఫైలు తెచ్చిన లోన్ ఏజెంటుకు లోను విడుదలైతేనే కమిషన్. ప్రతి ఫైలుకూ పది ప్రశ్నలు రాసి వెనక్కి పంపే లాయరుకు పదకొండో ఫైలు వస్తుందా? ఎవరూ ఆయన్ని బెదిరించనక్కర్లేదు, లంచం ఇవ్వనక్కర్లేదు. వచ్చే నెల పని ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలుసు, అంతే చాలు.

రిపోర్టు తప్పని రేపు తేలితే ఏమవుతుంది? చాలామంది ఇక్కడిదాకా ఆలోచించరు. హైదరాబాద్‌లోనే నడిచిన ఒక సీబీఐ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది: ప్యానెల్ లాయరు అభిప్రాయం తప్పైనంత మాత్రాన ఆయన మీద క్రిమినల్ కేసు నిలవదు, మోసంలో ఆయన చేయి ఉందని రుజువు కావాలి. న్యాయంగా చూస్తే సరైన తీర్పే. 2024 మేలో అదే కోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తేల్చింది. మిగిలింది బార్ కౌన్సిల్ ఫిర్యాదు, సివిల్ దావా. వాటికి వెళ్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న, అసలు మీరు ఆయన క్లయింటేనా అని. కాదు. క్లయింటు బ్యాంకు. డబ్బు కట్టిన మనిషికి ఆ రిపోర్టు చదివే వీలూ దొరకదు, దాని మీద నిలదీయడమూ సులువు కాదు. అలాంటి కాగితాన్ని నమ్మి మనం గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుంటున్నాం.

జరిగినవి చూడండి. 2020 జనవరిలో కొచ్చి దగ్గర మరడులో, తీరప్రాంత నిబంధనలకు విరుద్ధంగా కట్టారని నాలుగు అపార్టుమెంట్ సముదాయాలను సుప్రీంకోర్టు ఆదేశం మీద పేల్చి నేలమట్టం చేశారు. అందులో బ్యాంకు లోన్లతో కొన్నవాళ్లూ ఉన్నారు. 2024లో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చి, చెరువుల నిండు నీటిమట్టం పరిధి అయిన ఎఫ్‌టీఎల్‌లో కట్టిన ఇళ్లు కూల్చినప్పుడు టీవీ మైకుల ముందు బాధితులు మళ్లీ మళ్లీ చెప్పిన మాటేమిటి? రిజిస్ట్రేషన్ అయింది, పర్మిషన్ ఉంది, బ్యాంకు లోను కూడా ఇచ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు. వాళ్లకు అంతకంటే పెద్ద భరోసా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఢిల్లీ చుట్టుపక్కల జరిగింది ఇంకా కఠోరం. ఇల్లు చేతికొచ్చేదాకా కిస్తీలు మేమే కడతామని బిల్డర్లు ఆశపెట్టారు, బ్యాంకులు లోను సొమ్మును నేరుగా బిల్డరు ఖాతాలో పోశాయి. కట్టడం ఎంతవరకు వచ్చిందో చూసి దాని ప్రకారమే డబ్బు విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పి ఉంది. బిల్డర్లు చేతులెత్తేశారు, నోటీసులు కొన్నవాళ్లకొచ్చాయి. చివరకు 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బిల్డర్లూ బ్యాంకులూ కుమ్మక్కైన తీరు మీద సీబీఐ విచారణకు ఆదేశించింది, జులైలో 22 కేసుల నమోదుకు అనుమతించింది. అలాంటిచోట బ్యాంకును కాపలాదారు అనుకోవడం ఎలా? వ్యాపారంలో అదీ ఒక భాగస్వామే.

"మరి ప్రభుత్వం రిజిస్టర్ చేసింది కదా" అంటారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే 80 లక్షల దస్తావేజు మీద 6 లక్షలు కట్టాక, ఎవరో ఒక అధికారి హక్కులు చూసే ఉంటాడని అనుకోవడం మానవ సహజం. చూడడు. ఆస్తి నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తాడు, స్టాంపు సరిపోయిందా, సంతకం చేసినవాడు వాడేనా అని చూస్తాడు. అమ్మేవాడికి హక్కుందా లేదా అని తేల్చే అధికారం సబ్‌రిజిస్ట్రారుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇవ్వలేదని 2025లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

బ్రోకరు సంగతి ఎక్కువ రాయను, అందరికీ అనుభవమే. ఒక్కమాట మాత్రం చెప్పాలి. మనం బ్రోకరును ఎంచుకునే కొలత "మనవాడే" అన్నది. మన ఊరివాడు, మన వాళ్ల అబ్బాయి, బావమరిది స్నేహితుడు. మనవాడైతే రెండువైపులా కమిషన్ తీసుకోడా? అమ్మేవాడి దగ్గర ఒక శాతం, మన దగ్గర ఒక శాతం తీసుకునేవాడు బేరం తెగాలని కోరుకుంటాడు గానీ ధర తగ్గాలని ఎందుకు కోరుకుంటాడు? ఏజెంటు యజమాని అనుమతి లేకుండా తన సొంత ఖాతాకు బేరమాడి, ముఖ్యమైన విషయం దాచిపెడితే ఆ బేరాన్ని యజమాని తిరగ్గొట్టవచ్చని 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా వచ్చాక ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలి కూడా. కానీ "అవతలివాళ్ల దగ్గర మీకెంత వస్తుంది?" అని మొహాన అడగడం మనకు మర్యాద తక్కువ. చుట్టరికం అడ్డం వస్తుంది. ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటోంది.

ఇందరిని అనుమానిస్తూ పోతే ఇల్లు కొనగలమా అని అడిగేవాళ్లున్నారు. నేను అనుమానించమనడం లేదు. ఎవరు ఎవరికి జవాబుదారో తెలుసుకోమంటున్నాను. బ్యాంకు పరిశీలన వ్యర్థమని కూడా అనను. బ్యాంకు లోను ఇవ్వనంటే ఆ ఆస్తి జోలికి పోకండి, ఆ "కాదు" చాలా విలువైనది. "అవును"కి మాత్రం అంత విలువ లేదు. ఇంగ్లండులో బ్యాంకుకూ కొనేవాడికీ ఒకే సొలిసిటర్ పనిచేయడం మామూలే కదా అని ఒక లాయరు మిత్రుడు వాదించాడు. నిజమే. కానీ అక్కడ కొనేవాడూ ఆయన క్లయింటే, తప్పు జరిగితే అతనికీ సమాధానం చెప్పాలి, అందుకు వృత్తి బీమా తప్పనిసరి. మన దగ్గర పోలిక ఫీజు దగ్గరే ఆగిపోయింది.

అందుకే బ్యాంకులను నేను అడిగేది చిన్నది. ఎవరి డబ్బుతో ఒపీనియన్ రాయించారో వాళ్లకు కాపీ ఇవ్వండి. ఇవ్వరా, లోను పత్రం మొదటి పేజీలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: మా లాయరు మా కోసం చూశారు, మీ కోసం కాదు అని.

మా తమ్ముడి సంగతి ముగించాలి. బ్రాంచి నుంచి వచ్చి రెండురోజులు మథనపడి, సంగారెడ్డి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు మేడం దగ్గరికి వెళ్లాడు. ఫీజు 20 వేలన్నారు. మాట మొదలుపెట్టకముందే ఆవిడ చెప్పారట: "ఈ బిల్డరు కేసులు నా దగ్గర లేవు. మీ బ్యాంకు ప్యానెల్లో నేను లేను. ఆ స్థలం వాళ్లెవరూ నాకు తెలీదు." అవతలి పక్షాలతో ఉన్న సంబంధాలను మొదటే క్లయింటుకు చెప్పాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ ఏ లాయరూ ఆ మాట చెప్పలేదు.

ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ తీశారు, లింక్ డాక్యుమెంట్లు చూశారు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత గుమస్తాను ఆ ఊరికి పంపారు. రచ్చబండ దగ్గర ఇద్దరు ముసలివాళ్లను అడిగితే తేలింది. ఆ స్థలం ఒక కుటుంబానికి తాతల నాటిది. తండ్రి పోయాక వారసుల పేర్లు ఎక్కించే విరాసత్‌లో కొడుకులిద్దరి పేర్లే ఎక్కాయి, బిల్డరుతో డెవలప్‌మెంటు అగ్రిమెంటు మీద తల్లీ ఇద్దరు కొడుకులే సంతకాలు చేశారు. సిద్దిపేట వైపు ఇచ్చిన కూతురు ఒకావిడ ఉంది. ఆవిడ సంతకం ఎక్కడా లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ ఉంది, దేశమంతటా 2005 నుంచీ ఉంది, 2020లో సుప్రీంకోర్టు సందేహాలన్నీ తీర్చేసింది. ఆవిడ రేపు పార్టిషన్ దావా వేస్తే ఆ అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటూ అందులోకి వస్తుంది. ఆవిడ హక్కు ఆవిడది, తప్పేమీ లేదు. ఈసీలో ఆవిడ కనిపించదు. బిల్డరు ఇచ్చిన ఫైలులోనూ కనిపించదు.

తమ్ముడు వెనక్కి తగ్గాడు. బయానాలో లక్ష పోయింది, మిగతాది విడతలుగా వచ్చింది. నాలుగు నెలలకు అదే ఫ్లాటు ఇంకొకరు కొంటున్నారని తెలిసింది. అదే బ్యాంకు. వీడికి నిద్రపట్టలేదు. ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేసి, కూతురు సంగతి, దావా సంగతి అంతా చెప్పాడు. అవతలి ఆయన ఓపిగ్గా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు.

"బ్యాంకు లోను ఇచ్చిందిగా అండీ" అన్నాడు.