పై హద్దు సరే, కింది హద్దు ఏది?

యరమరస్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మన యౌవనస్థుల మధ్య వాదన లేచింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు కోట్లకు కోట్లు జీతాలేమిటి, ఒక హద్దు పెట్టాలి అని కొందరు. కష్టపడి పైకొచ్చినవాడి సంపాదన మీద మనకు ఏడుపెందుకు అని మరికొందరు. ఆ గుంపులో ఒక తమ్ముడు చాలాసేపు నోరు విప్పలేదు. రాయచూరులో ఒక పత్తి మిల్లులో మూటలు మోస్తాడు. రెండు నెలల కూలి బాకీ ఉంది. చివరికి అన్నాడు: "వాళ్లు ఎంతైనా తీసుకోనీ అన్నా, నాది నాకు ఇస్తే చాలు."

ఆ మాట తర్వాత మా వాదన ముందుకు సాగలేదు. మేమూ మొదట హద్దు పెట్టాలన్న పక్షానే ఉన్నాం. ఇప్పుడు అంటున్నాం: ఆటగాడి జీతానికి పై హద్దు ఒక్కటే పెడితే పేదవాడికి ఒక్క రూపాయి రాదు. ఆ డబ్బు యజమాని జేబులోకే పోతుంది.

ఇది ఊహ కాదు. ఇంగ్లండులో 1901 నుంచి 1961 వరకు ఫుట్‌బాల్ ఆటగాడి జీతానికి హద్దు ఉండేది. మొదట వారానికి 4 పౌండ్లు, చివరికి 20 పౌండ్లు. మైదానంలో వేలాది మంది టికెట్ కొని చూస్తుంటే, ఆడినవాడికి మాత్రం ఆ 20 పౌండ్లే దక్కేవి. అరవై ఏళ్లపాటు మిగిలిన డబ్బు గేటు కాపలాదారుకో, గడ్డి కోసేవాడికో పంచలేదు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధమయ్యాకే ఆ హద్దు పోయింది. కూలివాడికి హద్దు పెట్టి, యజమానికి హద్దు పెట్టకపోవడం న్యాయమా?

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదు సంగతే చూడండి. రాయచూరు కూడా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే కదా. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. తెలుగు నేల అంతా సంబరపడింది. రెండేళ్లు తిరగకుండానే అదే జట్టులో ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కుర్రవాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు 2023-24 సీజన్‌లో అట్టడుగున నిలిచింది. గమనించండి, ఆ లీగ్‌లో ఒక్కో జట్టు జీతాల మొత్తానికి 16.5 కోట్ల రూపాయల హద్దు అప్పటికే ఉంది! పై హద్దు ఉండి కూడా ఒప్పుకున్న జీతం చేతికి రాలేదు. లేనిది కింది హద్దు. చేసిన పనికి కూలి వచ్చి తీరాలన్న కట్టడి.

అయితే కోట్ల జీతాలు న్యాయమేనని మేము అనడం లేదు. ఖతర్ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న పారిస్ క్లబ్బు 2017లో నెయ్‌మార్ అనే ఒక్క ఆటగాడిని తెచ్చుకోవడానికి 22.2 కోట్ల యూరోలు చెల్లించింది. మన డబ్బులో 1,600 కోట్లకు పైనే. అదే ఖతర్‌లో 2022 ప్రపంచ కప్ కోసం ఎండలో పనిచేసిన లక్షలాది వలస కూలీల్లో నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల అన్నదమ్ములూ ఉన్నారు. 2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. అంటే అప్పటి లెక్కన సుమారు 20 వేల రూపాయలు. అప్పటిదాకా శాశ్వతంగా అమలైన కనీస వేతన చట్టమే లేదు! ఒకే దేశపు సొమ్ము, ఒకే ఆట. ఒకరికి ఆకాశం, ఇంకొకరికి అప్పుల కాగితం. ఈ ఎడం దేవుని దృష్టికి పాపమే. కానీ ఆ పాపం బంతి తన్నేవాడి ఒక్కడిదేనా? సంతకం పెట్టినవాడిది కాదా?

"ప్రతిభకు ధర ఉంటుంది" అంటారు. ఉండనివ్వండి. మూట మోయడానికి ధర లేదా? "ఆటగాడి బతుకు పదేళ్లే" అంటారు. నిజమే. మరి హమాలీ నడుము ఎన్నేళ్లుంటుంది?

ద్రాక్షతోట ఉపమానం గుర్తు చేసుకుందాం. అది ముందుగా కృపను గూర్చినదే. అయినా అందులో తోట యజమాని ఏం చేశాడు? పొద్దున వచ్చినవాడి కూలి తగ్గించలేదు. సాయంత్రం వచ్చినవాడికి కూడా ఇల్లు గడిచే దినకూలి ఇచ్చాడు. కింద నుంచి నింపాడు. కూలివాని కూలి పొద్దుగుంకక ముందే ఇవ్వమన్నది మోషే ధర్మశాస్త్రం. బిగబట్టిన కూలి మొరపెడుతుందని హెచ్చరించింది యాకోబు పత్రిక.

కాబట్టి మేము అడిగేది ఇది. సీజన్ మొదలవకముందే ప్రతి జట్టూ ఆటగాళ్ల, సిబ్బంది జీతాల డబ్బు లీగ్ దగ్గర జమ చేయాలి. జమ చేయని జట్టు మైదానంలోకి దిగకూడదు. మైదానం ఊడ్చేవారికి, బట్టలుతికేవారికి, మహిళా జట్లకు కనీస జీతం రాతపూర్వకంగా ఉండాలి. ఆ తర్వాత పై హద్దు పెడతారా, పెట్టండి. అయితే మిగిలిన డబ్బు ఈ కిందివారికే చేరాలని అదే కాగితంలో రాయండి. యజమాని లాభానికీ లెక్క అడగండి.

చివరిగా, యౌవనస్థులారా, వేలు మన వైపూ తిప్పుకుందాం. మన ప్రార్థనా మందిరం ఊడ్చే అక్కకు నెలకు ఎంత ఇస్తున్నాం? మన సంఘాల బడుల్లో ఆయమ్మకు, వాచ్‌మన్ తాతకు ఒకటో తారీఖున జీతం అందుతోందా? "దేవుని సేవ కదా" అని సగం కూలితో సరిపెడుతున్నామా? ఫిఫా మన మాట వినదు. సంఘ పెద్దలు వింటారు. వచ్చే కమిటీ సమావేశంలో జీతాల పుస్తకం తెరవమని అడగండి. పత్తి మిల్లు తమ్ముడి బాకీ కోసం పదిమంది కలిసి లేబర్ ఆఫీసుకు నడవండి. వాడికి కూలి అందిన రోజున కోట్ల గురించి వాదించుకుందాం.