ఒకే పుట, ఇద్దరి వ్రాత

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నగరంలో డెలానీపూర్ ఒక పేట. అక్కడ ఒక తెలుగు రోగి ఉన్నాడనుకోండి. వైద్యానికి విశాఖపట్నం వెళ్ళి వచ్చినవాడు. అతని కేసు షీటు కంప్యూటర్ల భాండాగారంలో ఉంది. డెలానీపూర్ వైద్యుడు దానిని తెరచి ‘పెన్సిలిన్ పడదు’ అని చేర్చాడు. అదే సమయంలో విశాఖ వైద్యుడూ దానిని తెరచి రక్తపరీక్ష ఫలితం చేర్చాడు. మర్నాడు చూస్తే రక్తపరీక్ష ఉన్నది, హెచ్చరిక లేదు. దానిని ఎవరూ కొట్టివేయలేదు!

‘ఆబ్జెక్ట్ స్టోరేజ్’ అనే ఈ పద్ధతిలో, కరణంగారి దస్తరంలో వలె ఒక పంక్తి చేర్చడం సాధారణంగా కుదరదు. పాత పత్రాన్ని తీసి క్రొత్తది పెట్టవలసిందే. విశాఖ వైద్యుడు చదివిన ప్రతిలో హెచ్చరిక లేదు గనుక, అతడు పెట్టిన ప్రతిలోనూ లేదు. కడపట వచ్చినదే నిలిచింది.

అయితే కడపటిది ఏదో తేల్చేదెవరు? చెన్నైను ఈ దీవులతో కలిపే సుమారు 2,300 కి.మీ. సముద్రగర్భ తీగ 2020 ఆగస్టులో ప్రారంభమయింది. దాని గాజుతంతిలో కాంతికి సైతం వెయ్యి కి.మీ. దాటడానికి సెకనులో వెయ్యింట 5 వంతులు పడుతుంది. పైగా ఏ రెండు యంత్రాల గడియారాలూ సరిగ్గా ఒక్కటిగా నడవవు. ఒక సంఘటన వార్త రెండవదానికి చేరే వీలే లేకపోతే, వాటిలో ముందు వెనుకలు నిర్ణయించలేమని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపాడు.

అమెజాన్ ఇంజనీర్లు 2007లో వివరించిన ‘డైనమో’ ఇటువంటప్పుడు రెండు ప్రతులనూ దాచి, కలుపుకొనే భారం వాడుకొనే ప్రోగ్రాముకు వదిలింది. కొనుగోలు బుట్టకు అది చాలినదే, కాని తీసివేసిన వస్తువు ఒక్కొక్కప్పుడు మళ్ళీ ప్రత్యక్షమయ్యేది. సబ్బుబిళ్ళ తిరిగివస్తే నవ్వుకోవచ్చు. మాన్పించిన మందు తిరిగివస్తే?

ఇంతకంటె నిక్కమైన ఉపాయం ఒకటున్నది. ప్రతి ప్రతికీ ఒక ముద్ర ఉంటుంది. ‘నేను చదివిన ప్రతి ముద్ర ఇది. ఇప్పటికీ అదే ఉంటేనే నా వ్రాత స్వీకరించు’ అని ప్రోగ్రాము షరతు పెడుతుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ భాండాగారాల్లో ఇది ఏనాటినుంచో ఉన్నది. 2006లో మొదలైన అమెజాన్ ఎస్-3లో మాత్రం 2024లో గాని రాలేదు. ఆలస్యమే! అయినా ప్రోగ్రాము అడగకపోతే భాండాగారం తనంత తాను అడ్డుచెప్పదు.

షరతు ఉన్నదనుకోండి. విశాఖ వైద్యుని వ్రాత తిరస్కృతమవుతుంది. విసుగుకొని ఆయన కేసు షీటు మళ్ళీ తెరుస్తాడు. ఈసారి పెన్సిలిన్ మాట కనబడుతుంది.