బోనెక్కినవాళ్ళకేనా మర్యాద?

కోర్టుకు వెళ్ళబోయే స్త్రీలకు మన సంస్థలు ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం మర్యాద గురించే ఉంటుంది. జడ్జి రాగానే లేచి నిలబడాలి. సెల్‌ఫోన్ ఆపెయ్యాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి. ప్లీడరు రెచ్చగొట్టినా కోపం తెచ్చుకోకూడదు, గొంతు పెంచకూడదు. చీర నిండుగా కట్టుకోవాలి. ఈ పాఠం చెప్పేవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. ఎన్నడూ కోర్టు గడప తొక్కని మనిషికి అక్కడి పద్ధతులు తెలియకపోతే భయం రెట్టింపవుతుంది. నా అభ్యంతరం ఒక్కటే. ఈ పాఠం సగమే. కోర్టు మర్యాదలో ప్లీడర్లూ జడ్జీలూ పాటించవలసిన సగం మరొకటుంది. దాన్ని మనం ఎవరికీ నేర్పడం లేదు, ఎవరినీ అడగడం లేదు.

ఆ రెండో సగం స్త్రీవాదులం కొత్తగా కోరుతున్నదేమీ కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే 151, 152 సెక్షన్లుగా ఉంది. అసభ్యమైన, పరువు తీసే ప్రశ్నలను కోర్టు ఆపవచ్చునని మొదటిది చెబుతుంది. సాక్షిని అవమానించడానికో వేధించడానికో వేసిన ప్రశ్నను, అడగదగినదే అయినా అనవసరంగా నొప్పించే తీరులో అడిగిన ప్రశ్నను కోర్టు ఆపి తీరాలని రెండోది చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇవే 154, 155 సెక్షన్లయ్యాయి. అంటే బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచీ ఉన్న మాటే. ఈ 150 ఏళ్ళలో ఎన్ని బోనుల్లో ఎందరు స్త్రీలకు ఆ మాట అక్కరకొచ్చిందన్నదే ప్రశ్న.

అదే 1872 చట్టంలో 155వ సెక్షన్ నాలుగో క్లాజు కూడా ఉండేది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నీతి లేనిదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారెయ్యడానికి అది వీలిచ్చింది. ఒక చేత్తో అవమానించవద్దని చెప్పి, మరో చేత్తో అవమానానికి లైసెన్సు ఇచ్చిన చట్టం అది. ఆ క్లాజును తీసెయ్యడానికి 2002 దాకా, అంటే 130 ఏళ్ళు పట్టింది. క్లాజు పోయింది గానీ అలవాటు పోలేదు.

సుప్రీంకోర్టుకు ఈ సంగతి తెలియక కాదు. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో, బాధితురాలిని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తున్నప్పుడు కోర్టు మౌన ప్రేక్షకురాలిగా కూర్చోకూడదని స్పష్టంగా చెప్పింది. 2004లో సాక్షి సంస్థ వేసిన కేసులో, నిందితుడు కనబడకుండా తెర ఏర్పాటు చెయ్యాలనీ, ఘటనకు సంబంధించిన క్రాస్ ప్రశ్నలు రాసి జడ్జికిస్తే జడ్జే అడగాలనీ చెప్పింది. 2012 పోక్సో చట్టం 33వ సెక్షన్ పిల్లల విషయంలో దీన్ని శాసనంగానే చేసింది. ప్లీడరు ప్రశ్న జడ్జి ద్వారానే బిడ్డను చేరాలి, దబాయింపు కుదరదు, శీలం మీద దాడి కుదరదు. మరి పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాటి నుంచి ఆ అమ్మాయికి దబాయింపు తగిలినా నొప్పి ఉండదా?

పరిశోధన కోసం నేను జిల్లా కోర్టుల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నాను. అక్కడ మర్యాద ఎలా పంపిణీ అవుతుందో మన తెలుగులోనే వినబడుతుంది. డాక్టరు సాక్షి అయితే 'మీరు'. పోలీసు ఇన్‌స్పెక్టరు అయితే 'మీరు'. కూలికి పోయే దళిత స్త్రీ బోనెక్కితే బంట్రోతు దగ్గర నుంచి ప్లీడరు దాకా 'నువ్వు', 'ఏమ్మా', 'సరిగ్గా నిలబడు'. ఆమె కాళ్ళు మార్చి నిలబడితే మందలింపు. ఆమె వెనక ప్లీడర్లు ముసిముసిగా నవ్వుకుంటే ఎవరికీ మందలింపు లేదు. ఆమె ఏడిస్తే నటన, ఏడవకపోతే బరితెగింపు.

ఇక్కడ కాగితం చేసే పని కూడా గమనించాలి. సెషన్స్ కేసుల్లో సాక్ష్యాన్ని మామూలుగా ప్రశ్న, జవాబు రూపంలో రాయరు, కథనంగా రాస్తారు. మన జిల్లాల్లో చాలాచోట్ల ఆమె తెలుగులో చెప్పింది జడ్జి ఇంగ్లీషులో చెబితే టైపవుతుంది. దాంతో ఏమవుతుంది? అవమానించిన ప్రశ్న మాయమై, దానికి ఆమె చెప్పిన జవాబు మాత్రం మిగులుతుంది. పది నిమిషాలు వేధించి రాబట్టిన 'అవును' అన్న మాట, ఆమె తనంతట తానే ఒప్పుకున్నట్టు రికార్డులో కూర్చుంటుంది. పైకోర్టు చదివేది ఆ కాగితాన్నే. సాక్షి తీరుతెన్నుల మీద తనకు ముఖ్యమనిపించిన వ్యాఖ్యలు జడ్జి రాయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అది ఉంది. సాక్షి తీరు రాయాలి, సరే. ప్రశ్న వేసిన ప్లీడరు తీరు ఎవరు రాస్తారు?

ఈ ఏకపక్ష మర్యాద ఎంత దూరం పోగలదో 2020 జూలైలో బీహార్‌లోని అరారియాలో చూశాం. సామూహిక అత్యాచారానికి గురైన 22 ఏళ్ళ అమ్మాయి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చింది. చదివి వినిపించింది తనకు అర్థం కాలేదనీ, తనకు తోడుగా వచ్చిన కార్యకర్త చదివి చెబితేనే సంతకం పెడతాననీ అన్నది. తాను చెప్పిందే అక్కడ రాసి ఉందో లేదో తెలుసుకోవాలనుకుంది, అంతే. అది కోర్టును అవమానించడమైంది. ఆ అమ్మాయినీ, తోడు వచ్చిన ఇద్దరినీ జైలుకు పంపారు. ఆమెకు కొద్ది రోజులకు బెయిలు వచ్చింది. మిగిలిన ఇద్దరికీ సుప్రీంకోర్టు దాకా వెళితేగానీ రాలేదు, అదీ ఆగస్టులో. ఈ పత్రిక చదివే మనలో ఎంతమందిమి అలా తోడు వెళ్ళినవాళ్ళం కాము?

ప్లీడర్లయిన స్త్రీలు దీనికి అతీతులేమీ కారు. 2022 అక్టోబరులో పుణె జిల్లా కోర్టులో, మహిళా న్యాయవాదులు కోర్టు హాల్లో జుట్టు సర్దుకోవడం వల్ల పనికి ఆటంకం కలుగుతోందని నోటీసు పెట్టారు. గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. జుట్టు సర్దుకోవడం ఎవరి దృష్టిని చెదరగొడుతుంది? చెదిరే దృష్టిని మందలించకుండా జుట్టును మందలించడం మనకు ఇంట్లో, బడిలో, బస్సులో అలవాటైన న్యాయమే. అది నల్లకోటు వేసుకున్నంత మాత్రాన మారలేదు.

బోనులో తీరునే కాదు, బయట తీరును కూడా కోర్టు కొలుస్తుంది. 2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తర్వాత అలసి నిద్రపోయానని ఫిర్యాదుదారు చెప్పడం భారతీయ స్త్రీకి తగని పని అన్నది. నిరసన వచ్చాక ఆ వాక్యాన్ని తొలగించారు. ఆడపిల్ల ఎలా కూర్చోవాలో చెప్పే పెద్దమనిషే ఎలా బాధపడాలో కూడా చెబుతున్నాడు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇటువంటి మూసభావాలకు వ్యతిరేకంగా ఒక కరదీపిక తెచ్చింది. మంచిదే. కానీ దాన్ని మండల స్థాయి కోర్టులో అడిగేవాళ్ళు లేకపోతే అది అల్మరాలోనే ఉండిపోతుంది.

నాకు వచ్చే ఎదురువాదన తెలుసు. గట్టిగా క్రాస్ చెయ్యడం నిందితుడి హక్కు, దాన్ని కత్తిరిస్తే నిర్దోషులు జైలుకు పోతారు అంటారు. ఆ హక్కును నేను కాదనను. తప్పుడు కేసుల్లో మగ్గిన ఆదివాసులూ దళితులూ ముస్లిములూ ఆ హక్కుతోనే బయటపడ్డారు. అయితే గట్టి ప్రశ్న వేరు, నీచమైన ప్రశ్న వేరు. ఆ రాత్రి దీపం ఉందా, నువ్వు మనిషిని ఎలా గుర్తుపట్టావు అన్నది గట్టి ప్రశ్న. నీకు ఎంతమందితో పరిచయం అన్నది వాదనలో సరుకు లేనివాడు వేసే ప్రశ్న. పైగా ఆ పేద నిందితుడికి మాత్రం ఈ మర్యాద ఏం మేలు చేస్తోంది? అతనూ చేతులు కట్టుకుని నిలబడేవాడే.

మర్యాద గీత దాటినవాళ్ళ వల్లనే చట్టం మారిందన్నది మన చరిత్ర. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్ ఘటన మీద జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిగినప్పుడు, బాధితురాలిని వేశ్యగా రుజువు చెయ్యడానికి పోలీసుల పక్షం సాక్షుల్ని తెచ్చింది. అయినా కమిషన్ పోలీసులదే నేరమన్నది. తర్వాతి క్రిమినల్ కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1979లో మధుర కేసు తీర్పు మీద ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. తీర్పుల ముందు తలవంచుకుని ఊరుకోవడమే మర్యాద అనుకుని ఉంటే ఆ లేఖ ఉండేది కాదు, దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చేవాళ్ళు కారు, 1983 సవరణ వచ్చేది కాదు.

కాబట్టి మన శిక్షణ తరగతుల్లో రెండో సగాన్ని చేర్చుదాం. 'ఈ ప్రశ్న నన్ను అవమానించడానికే వేశారు, దయచేసి ఆపించండి' అని జడ్జితో చెప్పే హక్కు ఉందని ప్రతి సాక్షికీ నేర్పుదాం. పబ్లిక్ ప్రాసిక్యూటరును వాయిదాకు ముందే కలిసి 154, 155 సెక్షన్ల కింద అభ్యంతరం చెప్పాలని అడుగుదాం. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో రాతపూర్వకంగా అడుగుదాం. వేధించే ప్రశ్నను ప్రశ్న, జవాబు రూపంలోనే రికార్డు చెయ్యమని కోరుదాం. అలా రాసే అధికారం జడ్జికి ఉంది. వాంగ్మూలం తనకు అర్థమయ్యే భాషలో వినిపించేదాకా సంతకానికి తొందరపడవద్దని చెబుదాం. గంటల తరబడి నిలబడే సాక్షికి కుర్చీ, మంచినీళ్ళు అడుగుదాం. అన్ని కోర్టుల్లో మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించవలసిన స్థితి 2025 జనవరిలో కూడా ఉందంటే, కోర్టు గౌరవం గురించి ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి?

బహిరంగంగా జరిగే విచారణల్లో మన కార్యకర్తలు వెనక బల్లల మీద నోటుపుస్తకంతో కూర్చోవాలి. ఎవరు ఏం అడిగారు, ఎవరు నవ్వారు, ఏ జడ్జి ఆపారు, ఏ జడ్జి ఆపలేదు, అన్నీ రాయాలి. రహస్య విచారణల వివరాలు, బాధితురాలి గుర్తింపు బయటపెట్టకుండా చట్టం గీసిన హద్దులో ఉంటూనే రాయాలి. ఆపిన జడ్జీల గురించి కూడా తప్పక చెప్పాలి. అటువంటివాళ్ళు ఉన్నారు, నేను చూశాను. వాళ్ళ కోర్టుల్లో పని ఆగిపోలేదు, నిందితుడి హక్కు పోలేదు. సాక్షి మాత్రం తలెత్తి మాట్లాడింది. జడ్జి రాగానే మనం లేచి నిలబడుతూనే ఉందాం. బోనులో ఉన్న మనిషిని కూడా నిలబెట్టమని అడుగుదాం.