బాట ప్రక్కని రాళ్లు ఏమి చెప్పుచున్నవి?

హైదరాబాదు నుండి యాదగిరిగుట్టకు పోవు యాత్రికునకు బీబీనగరము దాటిన పిమ్మట భువనగిరి దుర్గము కనుపించును. రాయగిరి వద్ద అతడు పెద్ద బాటను విడిచి గుట్ట దారి పట్టును. 2022 మార్చి 28న పునర్నిర్మితమైన ప్రధానాలయము భక్తులకు తెరవబడిన నాటినుండి ఈ బాటపై రాకపోకలు మఱింత హెచ్చినవి. ఏ యూరు ఎంత దూరమో తెలుపు ఫలకములకు కొదువ లేదు. కాని యీ సీమలో బాట ప్రక్కను, చెఱువు కట్టపైనను, ఊరి నడుమను మఱికొన్ని రాళ్లు నిలిచియున్నవి. ఇచ్చట ఒక మనుష్యుడు ప్రాణము విడిచెనని చెప్పుటకే వాటిని మన పెద్దలు నిలిపిరి. వాటిని ఆగి చదువువారు నేడు మిక్కిలి అరుదు.

ఈ రాళ్లలో మొదట పేర్కొనదగినవి వీరగల్లులు. వీటిని చదువుటకు అక్షరములు కూడ రానక్కరలేదు. క్రింది అరలో కత్తియు డాలును ధరించి పోరాడు వీరుడుండును. నడిమి అరలో అతనిని అప్సరసలు పైకి గొనిపోవుచుందురు. పై అరలో అతడే శివలింగము చెంత కూర్చుండును. శిఖరమున సూర్యచంద్రులుందురు. సూర్యచంద్రులున్నంత కాలము ఇతని కీర్తి నిలుచునని దాని భావము. అన్ని రాళ్లలోను ఈ అరలన్నియు ఉండవు. కొన్నింట ఒక్క వీరుడే కనుపించును. పసుల మందలను శత్రువులు తోలుకొనిపోవునప్పుడు అడ్డుపడి చచ్చిన వారికిని, ఊరిని కాచుచు పడినవారికిని ఇట్టి రాళ్లు నాటుట ఆచారము. వారిలో అనేకులు రాజులు కారు, సామాన్యులు. గుట్టకు అనతి దూరమున, ఆలేరు ప్రక్కనున్న కొలనుపాక కల్యాణి చాళుక్యుల కాలమున గొప్ప పట్టణము. అచ్చటి శాసనములును శిల్పములును ఆ కాలపు చరిత్రకు ముఖ్యాధారములు. కాని గ్రామములలో చెల్లాచెదరుగా పడియున్న వీరగల్లుల గతి వేఱు. కొన్ని చోట్ల వాటికి పసుపు కుంకుమలు పెట్టి ఏదో యొక దేవత పేర కొలుచుచున్నారు. దేవుడు మిగిలెను, మనుష్యుడు మఱపున పడెను.

రెండవవి ఎఱ్ఱని స్తూపములు. ఇవి పూర్వపు నల్లగొండ జిల్లాలో ఊరూరను కనుపించును. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యులు కాల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. నేడు జనగామ జిల్లాలోనున్న ఆ యూరు నాడు నల్లగొండ జిల్లాలోనిది. 1948 ఆగష్టు 27న బైరాన్‌పల్లిపై రజాకారులును నిజాము బలగములును పడినప్పుడు ఆ యూరివారు బురుజునెక్కి ఎదిరించి, పెద్ద సంఖ్యలో హతులైరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు–విజయవాడ బాట మీది గుండ్రాంపల్లి కూడ రజాకారుల హత్యాకాండకు గుఱియైన యూరే.

ఇచ్చట ఉపాధ్యాయుడు విద్యార్థులకు విప్పి చెప్పవలసిన విషయమొకటి కలదు. తెలంగాణ సాయుధ పోరాటము 1946 నుండి 1951 వఱకు సాగినది. ఈ అయిదేండ్లలో ప్రతిపక్షము ఒక్కటి కాదు. మొదట దేశముఖుల మనుష్యులు. తరువాత రజాకారులు, నిజాము పోలీసులు. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిన పిమ్మట భారత ప్రభుత్వ సైన్యమును పోలీసులును. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటమును విరమించునంతవఱకు ఈ మూడవ ఘట్టము నడచినది. కావున స్తూపముపై నున్న ఒక పేరు వీరిలో ఎవరి తుపాకికి ఒరిగిన వానిదైనను కావచ్చును. తేదీ యున్నచో అది తెలియును. తేదీ లేక, ‘అమరుడు’ అను ఒక్క మాట మాత్రమే యున్నచో, చదువరికి గౌరవము కలుగును గాని జ్ఞానము కలుగదు.

తేదీ చెప్పకుండుట కేవలము అజాగ్రత్త వలన జరిగినది కాకపోవచ్చును. ఆ కాలమును ఏ పేరుతో పిలువవలెనో మనకింకను పొత్తు కుదరలేదు. సెప్టెంబరు 17ను కొందఱు విమోచనమందురు, కొందఱు విలీనమందురు, కొందఱు విద్రోహమందురు. 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినముగను, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినముగను ఒకే నగరములో, ఒకే దినమున వేఱువేఱు ఉత్సవములు జరిపినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము దానిని ప్రజాపాలనా దినోత్సవమని పిలిచినది. పిల్లవాడు ఏ పేరు వ్రాయవలెనని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పగలడు?

అసలు రాయి పైకి ఎన్నడును ఎక్కని పేర్లు మఱికొన్ని కలవు. 1948 సెప్టెంబరు తరువాత హైదరాబాదు రాష్ట్రములో, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, అమాయకులైన ముస్లిములు వేల సంఖ్యలో హతులైరి. విచారణకై భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము మృతులు 27 వేల నుండి 40 వేల వఱకు ఉందురని అంచనా వేసినది. ఆ నివేదిక ఆఱు దశాబ్దములకు పైగా ప్రజల చేతికి రాలేదు. రజాకారుల ఘాతుకమును చెప్పు రాళ్లు ఉండవలసినదే. కాని ఒక వైపు శోకమునకు మాత్రమే రాయి నాటి, మఱియొక వైపు శోకమునకు మాటయైనను లేకుండ చేసినచో, ఆ రాయి సాక్షి కాజాలదు. వకీలు మాత్రమే కాగలదు.

ఇతర దేశములలో ఈ చిక్కు లేదని కాదు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఫ్రాన్సులో ఇంచుమించు ప్రతి గ్రామమును తన మృతుల పేర్లను రాతిపై చెక్కించినది. బ్రిటిషు వారు 1917లో యుద్ధసమాధుల సంఘమును స్థాపించి, హోదా, మతము అను భేదము లేక ప్రతి మృతునకును సమాన గౌరవము చూపవలెనని నియమము చేసికొనిరి. కాని ఆఫ్రికా, మధ్యప్రాచ్యములలో పడిన లక్షకు పైగా ఆఫ్రికా, ఆసియా సైనికులకు, అందు భారతీయులకును, ఆ గౌరవము దక్కలేదు. వారి పేర్లు చెక్కబడలేదు. 2021లో ఆ సంఘమే ఈ తప్పును ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. చెక్కిన రాయి చెఱగదు గాని, చెక్కనిదానిని నూఱేండ్లకైనను చేర్చవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన సమీపమున మంచి యుదాహరణ లేకపోలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణములర్పించిన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహము ఆయన స్వస్థలమైన సూర్యాపేటలో మఱుసటి యేడే నెలకొల్పబడినది. పేరు, దినము, స్థలము అందఱకును తెలిసియుండగనే జరిగిన పని యది. ఆలసించినకొలది ఇట్టి పని కష్టతరమగును.

చట్టము వలన కొంత రక్షణ కలదు. కాని 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము ప్రాచీన కట్టడమనబడుటకు నూఱేండ్లు నిండవలెను. వీరగల్లులకు ఆ అర్హత కలదు. 1946 తరువాతి స్తూపములకు లేదు. బాటలు వెడల్పు చేయునప్పుడు జాబితాలో లేని రాయికి విలువ కట్టువారుండరు. అది పెకలింపబడి మట్టిలో కలిసినను అడుగువారుండరు.

కావున ప్రభుత్వమునకై వేచియుండక పాఠశాలలే ఈ పనికి పూనుకొనవచ్చును. ప్రతి పాఠశాలలోను ఒక పుస్తకము పెట్టి, ఊరి పొలిమేరలోని ప్రతి రాతికి ఒక పుట కేటాయింపవలెను. రాయి ఎచ్చట నున్నది, దానిపై ఏమి చెక్కియున్నది, ఊరి పెద్దలు దానిని గూర్చి ఏమి చెప్పుచున్నారు అను మూడు విషయములను వేఱువేఱుగా వ్రాయవలెను. రాయి చెప్పినదియు, ఊరు చెప్పినదియు కలిపివేయరాదు. ఆ భేదము నెఱుగుటయే చరిత్ర పాఠములో సగము. స్తూపమైనచో, మృతుడు ఎప్పుడు, ఎవరి చేత చనిపోయెనో తప్పక అడుగవలెను. పేరు తెలిసి, రాయి లేని వారి కొఱకును ఒక పుట విడువవలెను. రాళ్లకు రంగులు పూయరాదు, వాటిని కదలింపరాదు.

ఆ దినమును ఏ పేరుతో పిలువవలెనన్న తగవు ఈ పనికి అడ్డు కాదు. చచ్చినవాని పేరు, చచ్చిన తేదీ, చంపినవారెవరు అను మూడింటికిని ఏ పక్షము వారైనను ఒప్పుకొనవలసినదే. విమోచనమా, విలీనమా అని పెద్దలు వాదించుకొందురు గాక. ఆ వాదమునకు ఆధారములు మాత్రము పిల్లల పుస్తకములో భద్రముగా నుండవలెను.

కాలము మాత్రము వేచియుండదు. 1948లో పదేండ్ల బాలుడై బురుజు పైనుండి తుపాకి మ్రోత విన్నవాడు నేడు తొంబదికి చేరువలో నున్నాడు. అతడు వెళ్లిన పిమ్మట రాయి మిగులును గాని, రాతి ప్రక్కన నిలిచి మాటాడువాడు మిగులడు. ఈ సెలవులలోనే పిల్లలు అతని అరుగు మీదికి పోయి కూర్చుండుట మంచిది.